సందు లేకుండా పెట్టిన మరలు

మా ఇంట్లో వాన పడితే చెంబు కూడా ఖాళీగా ఉండగూడదు. చూరు కింద బిందెలు, బక్కెట్లు, ఆఖరికి అన్నం గిన్నె కూడా పెట్టించేవాడు నాయన. ఒక్క ధార నేలమీద పడి పారిపోయిందంటే చాలు, "ఏమ్మా, కండ్లు యాడ పెట్టుకున్నావు?" అని అరిచేవాడు. చేనికి అడ్డంగా కట్ట, వంకకు అడ్డంగా కట్ట. పారిపోయే నీళ్లను చూస్తే ఆయనకు కడుపు మండుతాది. ఆ బుద్ధే నాకూ వచ్చింది.

అట్లాంటి నాకు సముద్రంలో ఉద్యోగం దొరికింది. నవ్వకండి. బత్తలపల్లె దగ్గర మా కరువు ఊర్లోనే, మా మిద్దె మీది గదిలో కూచోని చేసే పని. మా కొండలమీద గాలిమరలు తిరుగుతాంటాయి గదా, అట్లాంటివే సముద్రంలో మునిగి తిరిగేవి ఉంటాయి. టర్బైన్లంటారు, మా ఇంట్లో మాత్రం అవీ మరలే. ఆటుపోట్లకు నీళ్లు అటూ ఇటూ పరుగెత్తితే అవి తిరిగి కరెంటు వస్తాది. ఏ మర యాడ నిలబెడితే అన్నీ కలిసి ఎక్కువ కరెంటు ఇస్తాయో లెక్కగట్టేది నేను. సముద్రాన్ని మాత్రం ఇంతవరకు కంటితో చూసిందాన్ని కాదు.

మొన్నటిదాకా వేరేవాళ్ల లెక్కలు సరిచూసే పనే. మొదటిసారి కంపెనీవాళ్లు ఒక జాగా నాకొక్కదానికే ఇచ్చినారు. ఒడ్డుకూ ఒక దీవికీ మధ్య నీళ్లు పోయే ఇరుకు దారి. ఇది ఒప్పుకుంటే ఇకమీద డిజైన్లు నావే, లేదంటే మళ్లీ పాత పనే. నాయన అప్పటికే వీధంతా చాటించినాడు, "నా కూతురు సముద్రానికే కట్ట కడతాంది" అని. ఒప్పుకున్న రోజు అందరికీ బెల్లం, శెనక్కాయలు పంచుతానని మాటిచ్చినాడు.

నేనేం చేసినా? ఆ దారి ఈ చివర నుంచి ఆ చివరకు సందు లేకుండా మరలు పెట్టేసినా. యాడ ఖాళీ కనపడినా, అయ్యో, ఇన్ని నీళ్లు ఊరికే పోతాండాయే అనిపించేది. అక్కడ ఇంకొకటి పెట్టేదాన్ని. దారి ఖాళీగా ఉన్నప్పుడు నీళ్లు ఎంత జోరుగా పోతాయో ఆ వేగాన్నే పట్టుకోని లెక్క వేస్తే కరెంటు బ్రహ్మాండంగా వచ్చింది. అడ్డం పెడితే నీళ్లు నెమ్మదిస్తాయని చదువుకున్నదాన్నే. ఆ చదువు ఏ గంగలో కలిసిందో!

వీడియో మీటింగు రోజు నాయన ఉతికిన పంచె కట్టుకోని నా వెనక మంచం మీద కూచున్నాడు. మా పెద్ద ఇంజినీరమ్మ అరిచే మనిషి కాదు. ఇన్ని అడ్డం పెడితే నీళ్లు ఈ దారిన ఎందుకొస్తాయి, దీవికి అవతలి పక్కనుంచి పోవా అని మెత్తగా అడిగింది. అందరి ముందరా నా లెక్కను సరిగ్గా నడిపించి చూపించింది. స్క్రీన్ మీద మరలు నీరసంగా తిరుగుతాండాయి. తల కొట్టేసినట్టయింది. ఎవరన్నా నవ్వింటే బాగుండు, నవ్వలేదు. మళ్లీ చేసి చూపించమన్నారు.

ఇంగ్లీషు రాని నాయన, "ఏమంటాండారు పాపా?" అన్నాడు.

"బాగుందన్నారు నాయనా."

నోట్లోంచి వచ్చేసింది. నేను లాప్‌టాప్ మూసేలోగా ఆయన మెట్లు దిగేసినాడు. సాయంత్రానికి గడప గడపకూ బెల్లం పోయింది. పక్కింటి చిన్నమ్మ వచ్చి నా గడ్డం పట్టుకోని, "మా తల్లే!" అనింది. సిగ్గుతో చచ్చిపోయినా. నా చేతిలో పెట్టిన ముక్కను మళ్లీ పళ్లెంలోనే పెట్టేసినా.

మర్నాడు స్క్రీన్ మీద మరలు తీసేస్తాంటే నాయన టీ తెచ్చి వెనక నిలబడినాడు.

"ఏంటికి తీసేస్తాండావు?"

"బాగుందనలేదు నాయనా. అబద్ధం చెప్పినా. తప్పు నాదే. నీళ్లు పోనీకి సందు ఇడవాల్సింది."

నన్ను తిట్టింటే బతికిపోయేదాన్ని. ఆయన వాళ్లను తిట్టినాడు. "వాళ్ల మొగం! కరువు చూసినోళ్లా వాళ్లు? నువ్వు చేసిందే కరెక్టు."

నేను ఒక్కొక్క మరా తీసేస్తాంటే, ఆయన వెనక నిలబడి అయ్యో అయ్యో అంటానే ఉన్నాడు. చానా తీసేసినాక లెక్క మళ్లీ నడిపించినా. కరెంటు పెరిగింది. నేను వెనక్కి తిరగలేకపోయినా.

ఆ తర్వాతి మీటింగులో ఒప్పుకున్నారు. ఈసారి నిజమే చెప్పినా నాయనకు. ఆయన నమ్మినాడు గానీ, మొగంలో సంతోషం లేదు.

"నీళ్లు సందుల్లోంచి పోతానే ఉంటాయా?"

"పోతానే ఉంటాయి నాయనా."

ఆయన తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించినాడు.

"ఈ సంగతి బయట చెప్పొద్దులే పాపా."