టపా కింద కబుర్లు

బ్లాగు మొదలుపెట్టిన కొత్తలో నా రాతలకి ఎవరూ ఏమీ అనేవారు కాదు. నరసాపురంలో మా డాబా మెట్ల మీద కూర్చుని, సాయంత్రం బడి నుంచి వచ్చాక ఫోన్లోనే రాసేదాన్ని. పొద్దున్నే గోదారి మీద మంచు ఎలా విడిందో, రేవులో ఏరు దాటించే పంటు ఎక్కబోయిన ఆవుదూడ నీళ్లలో తన నీడ చూసుకుని ఎలా బెదిరిందో, వసారాలో అమ్మ లేసు అల్లుతుంటే ఆవిడ వేళ్ల మధ్య నుంచి తెల్లటి పువ్వులు ఎలా పుట్టుకొచ్చేవో, అలాంటివి. టపా పెట్టి, కాసేపాగి, కింద వ్యాఖ్యల చోటు తెరిచి చూస్తే ఖాళీగా ఉండేది. బ్లాగు చూపించే లెక్కని బట్టి ఎవరో వచ్చి చదివి వెళ్తున్నారని తెలుస్తూనే ఉంది. మనిషి అలికిడి మాత్రం లేదు.

ఒకరోజు స్టాఫ్ రూంలో మా లెక్కల టీచరు టిఫిను డబ్బా మూత తీస్తూ, "మీరు రాసేవన్నీ చదువుతానండీ" అంది.

నాకు ఆశ్చర్యమేసింది. "మరి ఒక్క మాటైనా రాయరేంటండీ?"

"ఏం రాయమంటారు? మీరే మొదలెడతారు, మీరే ముగించేస్తారు. మమ్మల్నేమైనా అడిగితే కదా చెప్పడానికి! పైగా ఓసారి రాయబోతే, మీరు ఒప్పుకున్నాకే పైకి కనిపిస్తుందని వచ్చింది. మనకెందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాను."

ఆ సాయంత్రమే ఆ అనుమతుల గొడవ తీసేశాను. వానాకాలం దగ్గరపడుతున్న రోజులవి. కొత్త టపా చివర ఒక ప్రశ్న రాశాను: "వాన మొదలవగానే మీ ఇంట్లో తొలి చినుకు దేని మీద చప్పుడు చేస్తుంది?"

మర్నాడు బడికెళ్లే ముందు చూస్తే జవాబులున్నాయి. మండపేటలో రైసుమిల్లు ఆఫీసులో పనిచేసే ఒకావిడ, "ధాన్యం బస్తాల మీద కప్పిన టార్పాలిన్ మీదండీ. ఆ చప్పుడు వినగానే మిల్లులో అందరం ఒకేసారి పైకి చూస్తాం" అని రాసింది. పాలకొల్లు నుంచి రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒకాయన, "మా వంటింట్లో పెనం మీద. కప్పు కారుతుంది లెండి" అన్నారు. మా లెక్కల టీచరు కూడా వచ్చి, వాళ్ల చర్చి పక్క రేకుల షెడ్డు గురించి రాసింది. ప్రతి ఒక్కరికీ పేరుపేరునా జవాబిచ్చాను. మళ్లీ టపా, మళ్లీ ప్రశ్న. కొన్నాళ్లకి వాళ్లలో వాళ్లే మాట్లాడుకోవడం మొదలైంది. మాస్టారి పెనం సంగతి మండపేట ఆవిడ అడిగేది. ఆవిడ మిల్లులో ఊక పోగుల మీద వాలే పిచికల గురించి మాస్టారు అడిగేవారు. ఎవరి ముఖమూ ఎవరికీ తెలియదు. అయినా పొద్దున్న లేవగానే వాళ్ల మాటలు చదివితేగాని కాఫీ తాగాలనిపించేది కాదు.

మరుసటి ఏడు వానలకి ముందు అమ్మకి పక్షవాతం వచ్చింది. రాజమండ్రి ఆస్పత్రిలో ప్రాణానికి భయం లేదన్నారు. కుడిచెయ్యి, మాట పోయాయి. ఇంటికి తీసుకొచ్చాక బడికి సెలవు పెట్టాను. ఆవిడకి అన్నం తినిపించడం, చేతికి కసరత్తు చేయించడం, అంతే నా లోకం. లేసు బుట్ట అలమర పైకెక్కించాను. అమ్మ వసారాలో మంచం మీద పడుకుని, వీధిలో వెలుగు గోడ మీంచి నేల మీదకి, నేల మీంచి గుమ్మంలోకి జరగడం చూస్తూండేది. నేనూ పక్కన కూర్చుని అదే చూసేదాన్ని. మా ఇద్దరికీ ఏ రోజు ఏదో తెలిసేది కాదు. బ్లాగు ఒకటుందన్న సంగతే మర్చిపోయాను.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తోంది. ఫోన్ తీసి, ఎందుకో బ్లాగు తెరిచాను. చివరి టపా కింద వ్యాఖ్యలు ఎంత జరిపినా తరగడం లేదు.

మొదట నా గురించే. "టీచరు గారు కనబడట్లేదేంటండీ?" దానికి మా లెక్కల టీచరు, "వాళ్లమ్మగారికి ఒంట్లో బాగోలేదు. ఆవిడ వచ్చేదాకా మనం మాట్లాడుకుంటూ ఉందామా?" అని రాసింది. ఆ తర్వాత మాస్టారు అందుకున్నారు: "టీచరు గారి బదులు ఈసారి నేను అడుగుతున్నాను. మీ వీధిలో అందరికంటే ముందు లేచేదెవరు?" పాలబ్బాయి అని ఒకరు, మసీదు పక్క టీకొట్టాయన అని ఒకరు, నిద్రపట్టని మా మావగారని ఒకరు. అలా వానాకాలమంతా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. వరద నీళ్లు లంకల మీదుగా పోయాయి, నాట్లు పడ్డాయి, చేలు పొట్టకొచ్చాయి. నేను చూడని ఆ రోజులన్నీ అక్కడున్నాయి. కళ్లు మసకబారి అక్షరాలు నీళ్లలో తేలుతున్నట్టు కనిపించాయి.

అమ్మ లేచాక ఒక్కొక్కటే పైకి చదివాను. అర్థమవుతోందో లేదో తెలియలేదు. మండపేట ఆవిడ రాసిన దగ్గరికి వచ్చాను: "మా అత్తగారి కాలంనాటి లేసు దుప్పటి పసుపెక్కిపోయింది. తెల్లబడే దారి ఎవరికైనా తెలుసా అండీ?" దానికి ఎవరూ జవాబివ్వలేదు.

అమ్మ ఎడమచెయ్యి నా మోకాలి మీద పడింది. పెదవులు కదిలాయి.

"కుం... కు..."

"ఏంటమ్మా? కుంకుమా?"

విసుగ్గా తల అడ్డంగా ఊపింది. జబ్బు పడకముందు నా మీద విసుక్కునే తీరు అచ్చం అదే.

"కుంకుడు" అంది.

నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. కాసేపు ఊపిరి కూడదీసుకుని మరో మాట అంది. "నీరెండ."

కుంకుడు రసంలో నానబెట్టి నీరెండలో ఆరేయమని అమ్మ చెప్పింది, అని వ్యాఖ్య రాశాను. సాయంత్రానికి మండపేట ఆవిడ నాకు కాదు, అమ్మకే రాసింది: "అమ్మగారూ, రేపే చేస్తానండీ. మీరెలా ఉన్నారు?"

"నీకేనమ్మా" అని చూపించాను. అమ్మ ఆ తెరని చాలాసేపు వేలితో తడిమింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం కాగానే ఫోన్ వైపు చూపించేది. ఎవరో ఒకరు ఆవిడని ఏదో ఒకటి అడిగేవారు. మొదట్లో ఒక్కో మాటా వెతుక్కునేది. పోనుపోను ముక్కలు కలిశాయి. "ఆ మాస్టారిని కప్పు బాగుచేయించుకోమను" అని తొలిసారి పూర్తి వాక్యం చెప్పిన రోజు, దాన్ని యథాతథంగా పెట్టాను. "తమ ఆజ్ఞ" అని మాస్టారు జవాబిచ్చారు.

మాఘంలో ఒక ఆదివారం మండపేట ఆవిడా, మాస్టారూ అమ్మని చూడటానికి వచ్చారు. రేవు దగ్గర కలుద్దామనుకున్నాం. అమ్మని చక్రాల కుర్చీలో తీసుకెళ్లాను, లెక్కల టీచరు తోడొచ్చింది. మండపేట ఆవిడ మా లెక్కల టీచరునే నేననుకుని చేతులు పట్టేసుకుంది. వ్యాఖ్యల్లో అంతంత రాసే మాస్టారు, ఎదురుగా నిలబడితే "బాగున్నారా" తప్ప ఏమీ అనలేకపోయారు. అమ్మే ఆయన్ని అడిగింది, "కప్పు వేయించారా?"

"వేయించానండీ" అన్నారాయన, బడిపిల్లాడిలా.

అందరం పంటు ఎక్కాం. ఎండకి గోదారి మీద మసక మసకగా ఆవిరి లేస్తోంది. అవతలి ఒడ్డున కొబ్బరిచెట్లు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా ఉన్నట్టు కనిపిస్తున్నాయి. ఇంజను చప్పుడుకి అమ్మకి కళ్లు మూతలు పడ్డాయి. తల మెల్లగా వాలి, పక్కన బల్ల మీద కూర్చున్న మండపేట ఆవిడ భుజాన్ని ఆనుకుంది. ఆవిడ కదలకుండా అలాగే కూర్చుండిపోయి, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"అవతలి ఒడ్డున దిగకుండా ఇలాగే తిరిగొచ్చేద్దాం, లేపొద్దండీ" అంది గుసగుసగా.