మల్లయ్య వేలు పెట్టిన చోటు

1982 ఎండాకాలం. వరంగల్‌లోని ఒక దవాఖానలో, మెడికల్ వార్డు స్టాఫ్ నర్సుగా నాకు మూడో ఏడు. కేసముద్రం మార్కెట్లో బస్తాలు మోసే మల్లయ్యను పక్షవాతంతో తీసుకొచ్చారు. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మనం చెప్పేది అర్థమయ్యేది గాని, నోట మాట వచ్చేది కాదు. డాక్టర్లు దాన్ని అఫేజియా అంటారు.

మూడో రోజు నుంచి అన్నం పెడితే మొహం తిప్పుకున్నాడు. ఒకసారి ఎడమ చేత్తో పళ్లెం నెట్టేశాడు. భార్య లచ్చమ్మ మూట సర్దింది.

"మొండికేసిండు సిస్టరమ్మా. తినకుంట ఈడ ఉండి ఏం ఫాయిదా? ఇంటికి తీస్కపోత."

"ఒక్క రోజు ఆగు వదినా," అన్నాను.

ఆ మధ్యాహ్నం గ్లూకోజ్ సీసాల అట్టపెట్టె కోసి దానిమీద బొమ్మలు గీశాను. అన్నం పళ్లెం, నీళ్ల గ్లాసు, మంచం, నిలబడ్డ మనిషి. అంతలో ఇన్‌చార్జి సిస్టర్ రాజమ్మ గారు రావడం చూసి అట్టను దుప్పట్ల కింద దాచాను. అంతకుముందు పనిచేసిన వార్డులో "చెప్పిన పని చెయ్యి, తెలివి చూపకు" అనిపించుకున్నదాన్ని.

ఆవిడ అట్ట బయటికి తీశారు. "ఇది బకెట్టా?"

"గ్లాసు, సిస్టర్."

"సరే, దాచుడెందుకు? పోయి అడుగుదాం పా."

మల్లయ్య చాలాసేపు చూశాడు. పళ్లెం బొమ్మ మీద వేలు పెట్టాడు. తర్వాత మనిషి బొమ్మ గొంతు మీద పెట్టి, ఊపిరాడనట్టు కళ్లు పెద్దవి చేశాడు.

"మింగుతాంటే గొంతుల అడ్డం పడ్తాందా అన్నా?" అని అడిగాను.

తల ఊపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. లచ్చమ్మ మూట కింద పెట్టి అతని తల నిమిరింది. "భయపడ్డవా? నేను మొండితనం అనుకుంటి."

డాక్టర్ వచ్చి చూసి, గొంతు కండరాలు కూడా బలహీనపడ్డాయన్నారు. కొన్నాళ్లు రైల్స్ ట్యూబ్, అంటే ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టంతో పాలు పోశాం. తర్వాత కూర్చోబెట్టి చిక్కటి జావ చెంచాతో పట్టాం. ఈ అట్ట ఎవరు చేశారని డాక్టర్ అడిగితే, రాజమ్మ గారు నా పేరే చెప్పారు. నాలుగు వారాలకు మల్లయ్య భార్య భుజం పట్టుకొని నడుస్తూ ఇంటికి వెళ్లాడు.

రోగి పక్కన ఎక్కువసేపు ఉండేది నర్సే. లోటు ముందు ఆమెకే కనిపిస్తుంది, ఏదో ఒకటి చెయ్యాలనీ అనిపిస్తుంది. ఎవరేమంటారోనన్న భయమే చేతులు కట్టేస్తుంది. ఆ భయం పోవడానికి నాకు పెద్ద మెప్పేమీ అక్కర్లేకపోయింది, రాజమ్మ గారు మంచం దాకా నా వెంట నడిచారు, అంతే. నేను ఇన్‌చార్జి అయ్యాక, కొత్తగా వచ్చిన నర్సులెవరైనా ఒక ఆలోచన చెప్పబోయి తటపటాయిస్తే, చేతిలో పని పక్కన పెట్టి, వాళ్ల వెంట నడవడానికి కుర్చీలోంచి లేచేదాన్ని.