మా తమ్ముడి షెడ్డులో మాత్రం ఆగని కారు

మొన్న ఆదివారం పొద్దున ఎదురింటాయన కారు బానెట్ ఎత్తి, బ్యాటరీకి ఫోను ఆనించి, అందులో ఎవరో చెబుతుంటే వింటూ ఏదో విప్పుతున్నాడు. నన్ను చూసి "సార్, పదో నంబర్ స్పానర్ ఉండాదా మీ దగ్గర?" అని అడిగాడు. ఉంది. తెచ్చి ఇచ్చాను. మామూలుగా అయితే పక్కనే నిలబడి నాలుగు సలహాలు చెప్పేవాణ్ణి. ఆ రోజు మాత్రం గేటు వేసుకుని లోపలికి వచ్చేశాను. మా ఆవిడ కాఫీ ఇస్తూ నా ముఖం చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు దేనికో ఇద్దరికీ తెలుసు.

నాకు అనుమానం కొంచెం ఎక్కువ. ముప్పై ఏళ్లు బడిపంతులుగా బతికి, పరీక్ష హాళ్లలో పిల్లల అరచేతులు తిప్పి చూసిన అలవాటు రిటైరయ్యాక మాత్రం ఎక్కడికి పోతుంది? పెట్రోలు బంకులో మీటరు సున్నా దగ్గర ఉందో లేదో దిగి చూస్తాను. టమోటాలు తూచేవాడి వేలు కాటాకు తగులుతోందేమోనని వంగి చూస్తాను. డాక్టరు రాసిన మందుకు బదులు అంగడివాడు వేరేది ఇచ్చాడేమోనని ఇంటికొచ్చి అక్షరం అక్షరం కూడబలుక్కుంటాను. "మీతో అంగడికి రావాలంటే సిగ్గుగా ఉండాది" అంటుంది మా ఆవిడ. సిగ్గుపడితే పడనీ, మోసపోవడం కంటే నయం కదా అని నా ధీమా.

ఐదేళ్ల కిందటి మాట. తిరుపతి ఊరి చివర మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఎలుకలు కాపురం పెట్టాయి. ఆ ఎలుకలు మా పాత కారు మీద మనసు పడ్డాయి. ఒక రబ్బరు గొట్టం, రెండు వైర్లు కొరికి పెట్టాయి. అంతకు ముందైతే నేరుగా వడమాలపేటకు తీసుకుపోయేవాణ్ణి. అక్కడ మా చిన్నాయన కొడుకు, అంటే నాకు తమ్ముడు, కార్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాడు. కానీ అప్పుడే కొత్తగా రిటైరయ్యాను, చేతిలో ఫోనుంది, ఫోనులో ఏ పనికైనా వీడియో ఉంది. ఇంత చిన్న పనికి ఇంకొకరి చేతికి కారు ఇవ్వడం దేనికనిపించింది. రెండు రోజులు వరండాలో గోనెపట్టా పరుచుకుని కూర్చుని గొట్టం మార్చాను, వైర్లకు టేపు చుట్టాను, ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి దులిపి మళ్లీ బిగించాను. ఎలుకలు మళ్లీ రాకుండా మా వైపు చాలామంది చేసే పనే నేనూ చేశాను. ఘాటైన పొగాకు కాడలు కొనుక్కొచ్చి, మా ఆవిడ కడిగి ఆరబెట్టి దాచుకునే పాల కవరు ఒకటి తీసుకుని, వాసన బయటికి రావడానికి దానికి సూదితో నాలుగు చిల్లులు పొడిచి, పొగాకు అందులో వేసి, దారంతో బానెట్ కింద వేలాడదీశాను.

తాళం తిప్పగానే కారు స్టార్టయింది. ఇంటి ముందు పావుగంట నిలబెట్టినా గొంతు మారలేదు. మా ఆవిడను ఎక్కించుకుని పుత్తూరు వైపు బయలుదేరాను. రోడ్డు ఖాళీగా కనిపించి కాస్త గట్టిగా తొక్కానో లేదో, కారు గుక్కపట్టి ఆగిపోయింది. దిగి బానెట్ ఎత్తి చూస్తే అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మళ్లీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. అలా మూడుసార్లు ఆగుతూ, నెమ్మదిగా వడమాలపేట చేరుకున్నాం.

తమ్ముడు చూసి, "రెండ్రోజులు ఈడ వదిలిపెట్టు అన్నా, సూస్తా" అన్నాడు. వదిలే ముందు నేనొక జాగ్రత్త తీసుకున్నాను. పొగాకు కవరు విప్పి జేబులో వేసుకున్నాను. షెడ్డులో పనివాళ్లకు పొగాకు నమిలే అలవాటుంది, కాడలు మాయమవుతాయని నా భయం. మూడో రోజు పోతే తమ్ముడు పెట్రోలు పంపు శుభ్రం చేసి, ఫిల్టర్ మార్చి, పుత్తూరు దాకా రెండుసార్లు తిప్పి చూశానని చెప్పాడు. "ఒక్కసారి కూడా ఆగలేదన్నా." సంతోషంగా ఇంటికి తెచ్చుకుని, మొదటి పనిగా పొగాకు యథాస్థానంలో కట్టుకున్నాను. మర్నాడు రేణిగుంట దాటకముందే కారు ఆగిపోయింది.

మళ్లీ వడమాలపేట, మళ్లీ పొగాకు నా జేబులోకి. మళ్లీ అతని దగ్గర గుర్రంలా పరిగెత్తింది, మళ్లీ నా దగ్గర మొరాయించింది. అతని చేతిలో నడిచేది నా చేతిలో నడవదంటే ఏమిటి అర్థం? పరీక్ష హాలు బుర్ర చురుగ్గా పనిచేయడం మొదలుపెట్టింది. నా మంచి పంపు ఇంకెవరి కారుకో వేసి, నాకు ఏదో పాతది బిగించాడు. నేను వెళ్లినప్పుడల్లా దాన్ని తాత్కాలికంగా సర్ది పంపిస్తున్నాడు. నేను చేసిన రిపేర్లన్నీ వరుసగా గుర్తుచేసుకుని, తప్పు నాది కాదని తేల్చుకున్నాను. ఆ వరుసలో పొగాకు లేదు. అది రిపేరు కాదు కదా, జాగ్రత్త.

ఆ నెలలోనే చిత్తూరులో మా మేనత్త మనవరాలింట గృహప్రవేశం. పంక్తిలో నా పక్కన కూర్చున్నవాళ్లు కారెలా ఉందని అడిగారు. మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఎదుటి వరుసలో తమ్ముడు కూర్చున్నాడని తెలిసే చెప్పాను. వాళ్లమ్మ, మా చిన్నమ్మ, సాంబారు వడ్డిస్తున్నది అక్కడే ఆగిపోయింది.

"నేను పంపు మార్చినానని నమ్ముతా ఉండావా అన్నా?" అన్నాడు తమ్ముడు, గొంతు పెంచకుండా.

"నమ్మకమని కాదప్పా, అనుమానం" అన్నాను.

అతను విస్తరి మడిచి లేచిపోయాడు. చిన్నమ్మ నా వంక చూడకుండానే, "వాళ్ల నాయన పోయినాక నిన్ను సూసే వాడు పెద్దోడైనాడు. ఆ మాట నువ్వే అంటివే" అంది. అప్పుడు కూడా, ఇంత చిన్న మాటకు అన్నం ముందు నుంచి లేచాడంటే ఏదో ఉండే ఉంటుందని నాకు తోచింది. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పంపు దొంగతనం రుజువు చేయాలని వారం తర్వాత నేనే పూనుకున్నాను. మా ఆవిడను డ్రైవరు సీటులో కూర్చోబెట్టి, "తొక్కు" అని చెప్పి, బానెట్ ఎత్తి ఇంజను మీదికి వంగాను. ఆమె తొక్కింది. ఇంజను గాలిని గట్టిగా పీల్చుకుంది. నా కళ్లముందే పాల కవరు పైకి లేచి, గాలి లోపలికి పోయే గొట్టం మూతికి మూతలా అతుక్కుంది. కారు ఉక్కిరిబిక్కిరై ఆగింది. ఆగిన మరుక్షణం కవరు జారి, బుద్ధిమంతుడిలా తన దారానికి వేలాడింది.

"ఏమైంది?" అంది మా ఆవిడ లోపల్నుంచి.

"ఏమీ లేదు" అన్నాను. ఆమె దిగొచ్చి కవరు వైపు, నా వైపు చూసింది. "పోయి ఆయబ్బికి సెప్పండి. ఫోన్లో కాదు" అంది.

వెళ్లాను. షెడ్డులో పనివాళ్ల ముందు, చిన్నమ్మను కూడా ఇంట్లోంచి పిలిపించుకుని, జరిగినదంతా పొల్లుపోకుండా చెప్పాను. పొగాకు జేబులో ఎందుకు వేసుకున్నానో చెప్పేటప్పుడు పనివాళ్లు తలలు దించుకున్నారు. తప్పు నాదేనన్నాను. గృహప్రవేశంలో పంక్తిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఫోను చేసి చెబుతానన్నాను, చెప్పాను కూడా. చిన్నమ్మ కాఫీ తాగిపొమ్మంది. తమ్ముడు మాత్రం "సరేలే అన్నా" అని, చేతులు తుడుచుకుని కారు దగ్గరికి నడిచాడు. నేను వదులుగా బిగించిన క్లిప్పు ఒకటి చూసి సరిచేశాడు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి ఒక్కొక్కటే వేలితో చూపించాడు. "ఇది నీ పంపు. నంబరు సూసుకో. ఇది నీ బ్యాటరీ. అన్నీ సూసుకో అన్నా, తర్వాత అనుమానం రాకూడదు."

అంతకు ముందు పదిహేనేళ్లు అతను నాకు ఏదీ చూపించి ఎరగడు. తాళం బల్ల మీద పడేసి పొమ్మనేవాడు. ఇప్పుడు ఏ చిన్న పనికి వెళ్లినా పని అయ్యేదాకా నా కోసం పక్కన కుర్చీ వేయిస్తాడు. తీసేసిన పాత సామాను పేపర్లో చుట్టి చేతికిస్తాడు. ముక్కూ మొహం తెలియని గిరాకీలకు ఎలా చేస్తాడో అలాగే. నవ్వుతూనే మాట్లాడతాడు, అన్నా అనే పిలుస్తాడు, పండక్కి ఇంటికొస్తాడు. కోపగించుకుని నాలుగు తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాళ్లమేమో. ఐదేళ్లుగా ఆ కుర్చీలో కూర్చుని, వద్దన్నా అతను చూపించే ప్రతి నంబరూ చదువుతున్నాను. నువ్వు పోయి రా అన్నా అని ఒక్కసారి అతని నోట వినడానికి ఇంకా ఎన్నేళ్లు కూర్చోవాలో, అన్నేళ్లు నాకున్నాయో లేదో.