అమ్మ గ్లాసు అడిగింది

ఈ రోజు బంద్. బస్సుల్లేక న్యూ టౌన్‌లోని ఆఫీసుకు వెళ్లలేదు. నా నాలుకకు ఏది నచ్చుతుందో తేల్చుకుందామని కొన్నాళ్లుగా కొత్త కొత్త బీర్లు కొని రుచి చూస్తున్నాను. మధ్యాహ్నం అమ్మ పడుకుందనుకుని ఒక నల్ల బీరూ, ఒక గోధుమ బీరూ, స్నేహితుడు విదేశం నుంచి తెచ్చిన, ఆపిల్ రసం పులియబెట్టి చేసే సైడర్ అనే తియ్యటి మద్యమూ బల్ల మీద పెట్టుకున్నాను.

అమ్మ లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఈ ఊళ్లోనే గార్డెన్ రీచ్ ఓడల డాకులో పనిచేసిన నాన్న నాటుసారా తాగి తాగి నా చిన్నప్పుడే పోయాడు. అందుకని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, గ్లాసు అడిగింది.

"మీ నాన మనల్ని ఒగ్గీసి దీని ఎనకాల ఎందుకు పడ్డాడో సూస్తాను. పొయ్యి."

నల్ల బీరుకు మొహం చిట్లించింది. గోధుమ బీరు మింగలేక ఉమ్మేసింది. సైడర్ ఒక గుక్క తాగి ఆగింది. మరో గుక్క తాగింది. గ్లాసు దూరంగా జరిపి ఏడవడం మొదలుపెట్టింది.

"ఏటయిందమ్మా?" అన్నాను.

"బాగున్నాదిరా. ఇన్నేళ్లూ ఆ మనిషి మీద కోపంతోనే బతికేను. ఇది బాగుందంటే ఇప్పుడు ఆ కోపాన్ని నానేటి సేసుకోవాల?"

మిగిలిందంతా సింకులో పారబోశాను. ఇప్పుడు ఆమె లైటు వేసుకోకుండా లోపలి గదిలో కూర్చుని ఉంది. అన్నం వద్దంది. తిట్టి ఉంటే ఇద్దరికీ తేలికగా ఉండేది. ఆమెకు చెప్పదగ్గ మాటేదైనా మీలో ఎవరికైనా తోస్తే కింద రాయండి, వెళ్లి చెబుతాను.