పూజ కోసం ఆగిన పిన్నులు

ముప్పై ఆరు పిన్నులు ఉదయం ఎనిమిదింబావుకు కాడ్మియం పూత తొట్టి నుంచి బయటికి వచ్చాయి. ఓవెన్‌లోకి వెళ్ళింది మధ్యాహ్నం రెండున్నరకు. నడుమ గడిచినవి ఆరుంబావు గంటలు. మాకున్న గడువు నాలుగు గంటలు.

ఉద్యోగ విరమణ తరువాత చందనవెల్లి దగ్గర ఒక చిన్న కర్మాగారంలో నాణ్యత తనిఖీ నా పని. ఆ పిన్నులు విమానం నేలకు దిగేటప్పుడు చక్రాల మీద పడే బరువును మోసేవి. అంత గట్టి ఉక్కుకు ఒక బలహీనత ఉంది. తొట్టిలో ఉన్నంతసేపూ హైడ్రోజన్ దానిలోకి ఇంకుతుంది. గడువులోగా ఓవెన్‌లో పెట్టి, నూట తొంభై డిగ్రీల వద్ద దాదాపు రోజంతా ఉంచితే అది వెళ్ళిపోతుంది. ఆలస్యమైతే లోపల కంటికి కనబడని పగుళ్ళు మొదలుకావచ్చు. ఆ తరువాత ఎంత వేడి చేసినా అవి పూడవు. పిన్ను పైకి మెరుస్తూనే ఉంటుంది. బరువు మోస్తూ మోస్తూ, ఏ మాత్రం వంగకుండా, ఒకనాడు విరిగిపోతుంది.

ఆ రోజు ఆయుధపూజ, నాకు సెలవు. ఓవెన్‌ను ముందురోజే ఆపి, తుడిచి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. పూజ కాకుండా మిషన్ నడపకూడదని అందరికీ పట్టింపు. తొట్టి మిషన్ కాదని వారి లెక్క; కనుక యజమాని తొందర మీద దానిని నడిపారు. పంతులు ఇతర ఫ్యాక్టరీలు ముగించుకొని వచ్చేసరికి ఒంటిగంట దాటింది. చిల్కూరు రైతు కుటుంబం నుంచి వచ్చిన మా ఫోర్‌మన్, హారతి అయి గుమ్మడికాయ కొట్టిన తరువాతే స్విచ్ వేశాడు. మరునాడు నేను అడగకముందే ఇదంతా అతనే చెప్పాడు.

అదే ఉక్కుతో చేసి, పిన్నులతో పాటే పూత పూసి, ఓవెన్ కోసం అంతసేపూ ఆగిన పరీక్ష తునకలను బరువు కట్టి రెండు వందల గంటలు వేలాడదీశాము. ఒక్కటీ విరగలేదు. సరుకు పంపుదామన్నాడు యజమాని. తిరస్కరిస్తే ఫోర్‌మన్‌ను ఇంటికి పంపుతానని కూడా అన్నాడు. నిబంధన మాత్రం గడువునూ అడుగుతుంది, పరీక్షనూ అడుగుతుంది. ఒకటి పంపమంటూ, ఒకటి వద్దంటూ రెండు అంకెలు ఎదురెదురుగా నిలబడటం నా జీవితంలో అదే మొదలు.

ఫోర్‌మన్ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఒక్కటి గూడ ఇరగలే సార్. ఇంకేం గావాలె?"

"తునకలు ఇరగలేదు తమ్మీ. పిన్నుల లోపట ఏమున్నదో అవి చెప్పవు."

"నా బతుకు ఏమైతదో మీకు ఎర్కనే గద."

తిరస్కరించాను. పిన్నులను గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేశారు. ఆ వారమే అతన్ని తీసేశారు. వద్దని యజమానితో రెండుసార్లు మాట్లాడాను, ఫలితం లేకపోయింది.

మొన్న మొయినాబాద్‌లో చిల్కూరు ఆటో ఎక్కితే, నడిపేది అతనే. శంషాబాద్ వైపు ఒక విమానం కిందికి దిగుతున్నది. అతను అద్దంలో నన్ను చూశాడు.

"సార్, గా పిన్నులు పంపి ఉంటే నిజంగ ఇరుగుతుండెనా?"

"తెల్వదు."

"తెల్వకనే ఇంత జేసిండ్రా?"

నాలుగు గంటలు, ఆరుంబావు గంటలు అని చెప్పబోయి ఆగాను. ఆ అంకెలు అతనికీ కంఠస్థమే.