ఖాళీగా ఉన్న కోడలు

మొన్న పొద్దున ఫోన్‌లో ఒక పెండ్లి పత్రిక వచ్చింది. సన్నాయి మోగుతుండగా గులాబీ రేకులు రాలుతూ, పిల్లా పిల్లవాడి పేర్లు వెలిగి ఆరిపోతూ ముచ్చటగానే ఉంది కానీ, పిలిచేవాళ్ల గొంతు మాత్రం అందులో లేదు. నా ఈడు ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర లేదు, మన రోజుల్లో గడప లోపలికి వచ్చి నుదుట బొట్టు పెట్టి పిలిస్తేనే పిలుపు, లేకపోతే ఎంత దగ్గరివాళ్లయినా మూతి ముడిచేవాళ్లు. అలా పిలవడానికి మా అత్తమ్మ వెంట వరంగల్ కాశిబుగ్గ గల్లీలన్నీ తిరిగిన రోజులు గుర్తొచ్చి, చాలాసేపు ఆ ఫోన్ పట్టుకునే కూర్చుండిపోయాను.

అప్పటికి నేను పనిచేసే బడి మూతపడి చాలా నెలలైంది. అది చిన్న ప్రైవేటు బడి. దగ్గరలోనే పెద్ద ఇంగ్లీషు మీడియం బడి రాగానే పిల్లలు ఒక్కొక్కరే అటు వెళ్లిపోయారు, చివరికి యజమాని తాళం వేశాడు. అందులో నా తప్పేమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది గానీ, ఆ రోజుల్లో నేను సరిగ్గా చెప్పలేకనే పిల్లలు పోయారని నాలో నేనే తీర్మానించుకున్నాను. మా గల్లీలో బయటికి వెళ్లి ఉద్యోగం చేసిన మొదటి కోడలిని నేను, అందరికీ టీచరమ్మను. ఆ టీచరమ్మను పట్టుకుని ఎవరైనా ‘ఇప్పుడు ఖాళీగనే ఉంటున్నవా?’ అని అడిగితే ప్రాణం చచ్చిపోయేది. ఆ ఒక్క మాటకు భయపడి ముందు కూరగాయలకు వెళ్లడం మానేశాను, తర్వాత పేరంటాలు మానేశాను, ఆఖరికి వాకిట్లోకి రావడమే మానేశాను. మా ఆయన ఎంత నచ్చజెప్పినా వినకుండా, ఇక జన్మలో పిల్లల ముందు నిలబడనని ఒట్టు పెట్టుకున్నాను.

అటువంటి సమయంలో మా ఆడబిడ్డకు పెండ్లి కుదిరింది. మా అత్తమ్మ గురించి కొంచెం చెప్పాలి. మామయ్యతో పాటు కిరాణా దుకాణంలో కూర్చుని బేరాలు చేసే మనిషి, గొంతు పెద్దది, దాపరికం అంటే బొత్తిగా తెలియదు. బొట్టు పెట్టడానికి తోడు రమ్మంటే నేను తలనొప్పి అన్నాను. తలనొప్పికి గాలి తగిలితే మంచిదేనంటూ కుంకుమ భరిణె నా చేతిలో పెట్టి బయల్దేరదీసింది.

మొదటి ఇంట్లో ఆ ఇల్లాలు నా వైపు తిరిగి ఏదో అడగబోతుండగానే మా అత్తమ్మ అందుకుంది. ‘మా కోడలు ఖాళీగున్నది వదినె. లెక్కలు మంచిగ చెప్తది. మీ దిక్కు పిల్లలుంటే జర పంపియ్యుండ్రి.’ బస్సులో సీటు ఖాళీగా ఉందని చెప్పినంత తేలికగా చెప్పింది. బొట్టు పెడుతున్న నా వేలు తప్పి కుంకుమ సగం ఆమె ముక్కు మీద రాలింది. బయటికి రాగానే నేను ఏడ్చినంత పని చేస్తే, నా బాధేమిటో మా అత్తమ్మకు అర్థమే కాలేదు. ‘దుకాణంల సరుకుంటే ఉన్నదని చెప్పమా? చెప్పకపోతె ఎవ్వలకు తెలుస్తది?’ అంది.

రెండో ఇంట్లోనూ అదే మాట, ఆ తర్వాతి ఇంట్లోనూ అదే. అయితే చిత్రమేమిటంటే, ఆమె చెప్పేశాక ఇక నన్ను అడగడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. నిమిషంలో అది పాత కబురైపోయి, పెండ్లిపిల్లకు ఏం పెడుతున్నారు, పిల్లవాడు నలుపా తెలుపా అనే మాటల్లో పడిపోయేవాళ్లు. ఒకామె అయితే నన్ను వంటింట్లోకి తీసుకుపోయి, తన పెనిమిటి కూడా పని పోయి ఇంట్లోనే ఉంటున్నాడని, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేకపోయానని కళ్లు తుడుచుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఎన్నో నెలల తర్వాత నేను ఇంకొకరికి అక్కరకొచ్చింది ఆ కాసేపే.

ఆ సాయంత్రం చివరిగా వెనక గల్లీలో బట్టలు కుట్టే చాచీ ఇంటికి వెళ్లాం. వాళ్లు ముస్లింలు, బొట్టు పెట్టం కాబట్టి, పత్రిక చేతికిచ్చి నోటితో పిలిచాం. ఇక అత్తమ్మ తన మాట ఎత్తుకుంటుందని నేను తల వంచుకుని సిద్ధంగా ఉన్నాను. ఆమె ఎత్తుకోలేదు. జన్మలో క్యాలెండర్ చూడనట్టు గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ కూర్చుంది. చాచీ మిషన్ తొక్కుతూనే ఉంది. ఇంతలో ఎవరో మాట్లాడారు, ఆ గొంతు నాదే.

‘చాచీ, నేను ఖాళీగనే ఉన్న. పిల్లలుంటే పంపు.’

చాచీ మిషన్ ఆపేసింది. ‘అల్లా నీకు మేలు చేస్తడు బిడ్డా, మా పోరి పదోతరగతి లెక్కల్ల తప్పింది. నిన్నెట్ల అడగాల్నో తెల్వక ఊకున్న’ అంది. మర్నాడే ఆ పిల్ల నోటుబుక్కు, పెన్ను కూడా కొత్తగా కొనుక్కుని వచ్చి మా వరండాలో కూర్చుంది, నేను పెట్టుకున్న ఒట్టు ఏ గాలికి పోయిందో నాకే తెలియదు. ఆ సాయంత్రం చాచీ ఇంటి నుంచి తిరిగొచ్చే దారిలో మా అత్తమ్మ నన్ను మెచ్చుకుందా అంటే అదీ లేదు, భరిణె మూత సరిగ్గా పెట్టక తన కొత్త చీరంతా ఖరాబు చేశానని ఇంటిదాకా తిట్టింది. ఆ తిట్లు వింటూ నవ్వుకుంటూ నడిచాను.

ఆ వరండా నిండా పిల్లలయ్యారు, తర్వాత వేరే బడిలో ఉద్యోగం వచ్చింది, అక్కడే రిటైరయ్యాను. చదువు చెప్పే నాకు లేని ధైర్యం ఆ మనిషికి ఎక్కడిదా అని ఇప్పటికీ అబ్బురపడుతుంటాను. అత్తమ్మ పోయి చాలాకాలమైంది. ఆనాటి పెండ్లిపిల్ల, అదే మా ఆడబిడ్డ, ఆమె కూతురు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటోంది. ఉద్యోగం పోయి నెలలు దాటాయట, హాస్టల్ గదిలోనే ఉంటోందట, కన్నతల్లికి కూడా చెప్పలేదట. నిన్న నాకు ఫోన్ చేసి అంతా చెప్పుకుని, చివరికి ‘ఎవ్వరికి చెప్పకత్తా, ప్లీజ్’ అంది. చెప్పనని మాటిచ్చాను. ఈ కాలానికి అదే మర్యాద కావచ్చు. మా అత్తమ్మే బతికుంటే మాత్రం, ఈపాటికి సగం వరంగల్‌కు చెప్పేసి, ఆ పిల్లను ఎవరో ఒకరి ఇంట్లో నలుగురి మధ్య కూర్చోబెట్టి ఉండేది.