పెరటి గదికి నెట్టు

ఆ చలికాలం నేను దేవుణ్ణి అడిగింది ఒక్కటే. ఇంట్లో ఉన్న ఇంటర్నెట్ పెరటి చివరనున్న గది దాకా రావాలి. ఆరోగ్యం అడగలేదు, వ్యాక్సిన్ అడగలేదు. మనుషులు ఊపిరందక పోతున్న రోజుల్లో వైఫై కోసం మోకరించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, అప్పుడు మాత్రం వెయ్యలేదు.

జర్మనీలో, వాల్డార్ఫ్ దగ్గర ఒక పల్లెలో, ఒంటరిగా ఉండే పెద్దావిడ ఇంట్లో పై వాటా మాది. రెండు గదులు. మా ఆయన సాయంత్రం షిఫ్టులో పార్సిళ్ల గోడౌన్‌కి వెళ్లేవారు. పాపకి నాలుగేళ్లు. కరోనా అని పాప వెళ్లే కిటా, అంటే చిన్నపిల్లల బడి, మాటిమాటికీ మూసేసేవారు. ఎంసీఏ చదివి, పెళ్లై ఇక్కడికొచ్చి, పిల్లని ఎత్తుకునే జర్మన్ నేర్చుకుని, ఎన్నో ఏళ్లకి సంపాదించుకున్న నా మొదటి ఉద్యోగం సరిగ్గా అప్పుడే మొదలైంది. బేకరీలు రొట్టెలు ఆర్డర్ చేసుకునే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే పని. ఆర్నెల్లు ప్రోబెట్‌సైట్. అంటే ఈలోగా నచ్చకపోతే పెద్దగా కారణం చెప్పకుండానే పంపించెయ్యొచ్చు. ఆ ఆర్నెల్లూ గట్టెక్కితే నేనూ ఒక మనిషినని నాకు నమ్మకం కుదిరేది. అంతకంటే పెద్ద కోరికలేం లేవు.

ఇంట్లో కూర్చుంటే పాప తలుపు బాదేది. "మామా, కొమ్!" అని, అంటే అమ్మా రా అని, ఒకటే కేక. మైకు తెరిస్తే నా గొంతుకంటే ముందు ఆ కేక వినిపించేది. వాళ్ల నాన్న ఎత్తుకుని తిప్పినా ఆగేది కాదు, పాపం ఆయనకి నిద్ర కూడా ఉండేది కాదు. అందుకని పెద్దావిడని అడిగి పెరటి గది తీసుకున్నాం. ఆవిడ భర్త బతికున్నప్పుడు యాపిల్ రసం తీసిన ఇటుకల గది అది. వాకిట్లో మంచు మేమే ఎత్తిపొయ్యాలి, అదే అద్దె. పుల్లటి వాసన, చిన్న హీటరు, ఒక బల్ల. చాలనుకున్నాను. నెట్టు మాత్రం రాలేదు.

మొబైల్ సిగ్నల్ ఆ గోడల్లోకి దూరేది కాదు. ఆ గదికి వేరే కనెక్షన్ పెట్టించుకునే స్తోమత లేదు. వంటింటి కిటికీలో వైఫైని ముందుకు నెట్టే చిన్న డబ్బా పెట్టాం. ఎండ కాస్తే పనిచేసేది. జర్మనీలో, నవంబర్లో, ఎండ!

ఆ రోజుల్లోనే నాకొక సంగతి దొరికింది. కొన్ని బేకరీలకి అప్పుడప్పుడు రొట్టెలు రెండింతలు వెళ్లిపోతున్నాయి. ఎందుకో మా టీమ్‌లో ఎవరికీ అంతు చిక్కలేదు. గడువు దాటాక ఎవరైనా ఆర్డర్ మారిస్తే పాతదీ కొత్తదీ రెండూ నిలిచిపోతున్నాయని నేను పట్టుకున్నాను. కారణం దొరికిందని టీమ్ లీడ్‌కి రాస్తే, "మీటింగ్‌లో చూపించండి" అన్నాడు. అక్కడ ప్రతిదీ మీటింగ్‌లోనే. జర్మన్‌లో వాక్యాలన్నీ బట్టీ పట్టాను. స్క్రీన్ చూపిస్తూ మొత్తం చెప్పాను. చెప్పి తలెత్తితే అందరి ముఖాలూ బొమ్మల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. ఒకతని నోరు తెరుచుకునే ఉంది. ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు. నేను మళ్లీ మీటింగ్‌లోకి వచ్చేసరికి వాళ్లు ఇంకో విషయంలో ఉన్నారు. "నెట్ బాగయ్యాక చెబుదురుగాని" అన్నాడు టీమ్ లీడ్, మర్యాదగానే.

ఆ మర్యాద చూస్తే ఒళ్లు మండిపోయేది. తర్వాత మైకు మూసుకుని కూర్చోవడం అలవాటైంది.

కరెంటు వైర్ల గుండా ఇంటర్నెట్ పంపే డబ్బాల జత ఒకటి ఎవరో వాడినవి తెచ్చారు మా ఆయన. వంటింట్లో ఒకటి, పెరటి గదిలో ఒకటి గుచ్చాం. లైటు వెలగలేదు. ఎంతసేపు చూసినా వెలగలేదు. పెద్దావిడని అడిగితే గర్వంగా చెప్పింది, ఆ గది కరెంటు ఆవిడ మీటరు మీదట, మాది వేరే మీటరట, ఇక రెండు డబ్బాలూ ఎలా కలుస్తాయి. భర్త ఎంత జాగ్రత్తపరుడో చెప్పడం మొదలుపెట్టింది. నేను తలూపుతూ విన్నాను.

"ఇక ఇలా కాదే" అన్నారు మా ఆయన. "మా పేటలో కేబులతను ఏం చేసేవాడు? డాబా మీంచి డాబా మీదకి విసిరేవాడు. వీధి దాటించడానికి కరెంటు స్తంభం, లేకపోతే వేపచెట్టు. అంతే కదా!"

జనవరిలో ఒక శుక్రవారం పొద్దున పొడుగాటి కేబుల్ పట్టుకుని కిటికీలోంచి పియర్ చెట్టు కొమ్మ మీదకి విసిరారు. అక్కణ్ణించి గది కప్పు మీదకి. కిటికీ పూర్తిగా మూసుకోలేదు, సందులో నా పాత స్వెటర్ కుక్కాం. చెట్టు మీద కేబుల్ వేలాడుతుంటే అచ్చం మా విజయవాడ వీధిలానే ఉంది. శనివారం ఆ గదిలోంచే ఆన్‌లైన్‌లో జరిగే మా తెలుగు ప్రార్థన కూటంలో చేరాను. పాట మొదటి చరణం నుంచి చివరి ఆమెన్ దాకా ఒక్క మాట తెగలేదు. ఏడ్చేశాను. సోమవారం మీటింగ్‌లో రొట్టెల సంగతి చెప్పాలని మళ్లీ బట్టీ పట్టాను.

ఆదివారం పెద్దావిడ మాస్కు పెట్టుకుని పెరట్లోకి వచ్చి చెట్టు కింద నిలబడింది. మా ఆయన్ని కిందకి పిలిచింది.

"ఇదేమిటి? పక్కింటివాళ్లు అడుగుతున్నారు. పిడుగు పడితే? కొమ్మ విరిగితే? ఇలా గాల్లో వెయ్యరు."

"మరెలా వెయ్యాలండీ?"

"మట్టిలో. నేను కాదనను. వసంతంలో తవ్వుకోండి."

వసంతంలోట! ఆరోజే తీసేశాం. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందేమోనని భయం. అయినా ఒకసారి పార పెట్టి చూశారు మా ఆయన. నేల గడ్డకట్టి ఉంది, రాయిని కొట్టినట్టు పార ఎగిరొచ్చింది. ఆయన పారని మంచులోకి విసిరేసి లోపలికి వెళ్లిపోయారు. నేనే వెళ్లి తెచ్చాను.

సోమవారం రొట్టెల సంగతి చెప్పనేలేదు. తర్వాతి వారాల గురించి చెప్పడానికేం లేదు. రోజూ ఆ గదిలో హీటరు పక్కన కూర్చుని, మధ్యమధ్య బిగుసుకుపోయే ముఖాల్ని చూసేదాన్ని. వాళ్లు నవ్వితే ఎందుకు నవ్వారో తెలిసేది కాదు, ఆలస్యంగా నేనూ నవ్వేదాన్ని. నేనెవరికీ అక్కర్లేదని మనసులో ఖాయం చేసుకున్నాను. రాత్రి మా ఆయన వచ్చి "ఎలా జరిగింది?" అంటే "బానే ఉంది" అనేదాన్ని.

మార్చిలో నేల మెత్తబడింది. ఇంటి పనుల సామాన్లమ్మే బావ్‌మార్క్ట్‌కి ముందే టెర్మిన్, అంటే టైము, తీసుకుని వెళ్లి మా ఆయన బయట వేసే కేబుల్ తెచ్చారు. పైపులు కొనలేక, పెద్దావిడ పారెయ్యబోయిన నీళ్ల పైపుని నిలువునా చీల్చి, కేబుల్‌ని అందులో దూర్చాం. కంచె పక్కన పెద్దావిడ నాటిన తులిప్ దుంపలు తెగకుండా చేతుల్తో మట్టి తీశాను. పాప కూడా మట్టి పోసి తొక్కింది. సాయంత్రం గదిలో చూస్తే నెట్టు పరుగులు పెడుతోంది. మా ఆయన నడుం పట్టుకుని నవ్వారు.

మర్నాడు పొద్దున టీమ్ లీడ్ ఒక్కడే కాల్ చేశాడు. ముఖం ఎంత స్పష్టంగా ఉందంటే, అతని గడ్డంలో నెరిసిన వెంట్రుకలు కూడా మొదటిసారి చూశాను.

ప్రోబెట్‌సైట్ ముగిసేలోపు చెప్పాలి కాబట్టి చెబుతున్నానన్నాడు. కొనసాగించలేమన్నాడు. "మీ పని మీద ఫిర్యాదు లేదు. కానీ మీరు మాట్లాడరు. మీరేం ఆలోచిస్తారో టీమ్‌కి తెలియనే లేదు."

ఒక్క మాట కూడా తెగలేదు.

నాకు ఏమైందో తెలీదు. "ఒక్క నిమిషం" అన్నాను. స్క్రీన్ చూపించి, రొట్టెల సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. బట్టీ పట్టిన వాక్యాలు ఒక్కటీ పోలేదు. గడువు దాటాక మార్చిన ఆర్డర్ ఎలా రెండవుతుందో అతని కళ్లముందే చేసి చూపించాను. అతను ముందుకి వంగి చూశాడు. రాసుకున్నాడు.

"ఇంకా వారం వారం జరుగుతూనే ఉంది ఇది" అన్నాడు. "ఇదే కారణం. ఎందుకు ముందే చెప్పలేదు మీరు?"

"చెప్పాను" అన్నాను.

వినిపించింది అతనికి. ముఖం చూస్తే తెలిసింది. ఇద్దరం కాసేపు కదలకుండా ఉన్నాం, నెట్టు మాత్రం ఆగలేదు.